టోకెన్ హాల్లో వినిపించిన గొంతు

మంగళవారం ఉదయం పది గంటలకు డిటెక్టివ్ ఆఫీసులో అడుగుపెట్టిన ఆవిడ, కుర్చీలో కూర్చుని పావుగంటైనా ఒక్క మాట మాట్లాడలేదు. మెడ చుట్టూ పల్చటి స్కార్ఫు, ఒళ్ళో లావుపాటి నోటుపుస్తకం, చేతిలో పెన్ను. మాట్లాడే బాధ్యతంతా పక్కనున్న భర్త నెత్తిన వేసుకున్నాడు.

"మా ఆవిడ స్కూలు టీచరండీ. గొంతులో జబ్బు. రెండు నెలల క్రితం ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. తీసేస్తారని ముందే తెలుసు కాబట్టి, అంతకుముందు ఐదు నెలలు స్టూడియోకి వెళ్ళి తన గొంతు రికార్డు చేయించుకుంది. నలభై రెండు గంటలు. ఆ రికార్డింగులు ఇస్తే ఒక యంత్రం తయారుచేసి ఇస్తారట. ఈవిడ టైపు చేసింది ఈవిడ గొంతుతోనే పలుకుతుందట. నిన్న సోమవారం స్టూడియోవాళ్ళు ఇవ్వాలి. వెళ్తే, కంప్యూటరు పెట్టెలో డిస్కులు మారుస్తుంటే మొత్తం పోయిందన్నారు."

"అయ్యో," అన్నాడు బల్ల చివర కూర్చుని రాసుకుంటున్న అసిస్టెంటు. అతను డిటెక్టివ్‌కి సొంత మరిది. తలుపు మీద బోర్డులో ఎన్ని బిరుదులున్నా లోపల ఆ డిటెక్టివ్ వదిన, అతను మరిది, అంతే. పదిహేనేళ్ళు బీమా కంపెనీలో కాలిపోయిన గోడౌన్లు చూసి, ఏది ప్రమాదమో ఏది పెట్టిన మంటో వాసనతో చెప్పిన మనిషి వదిన. ఆవిడ తెలివి మీద మరిదికి ఎంత గురి అంటే, ఇంట్లో కళ్ళజోడు కనబడకపోయినా ముందు ఆవిడకే ఫోన్ చేస్తాడు.

"పోయింది సరే," అంది వదిన. "దానికి కంప్యూటర్లవాణ్ణి పిలుస్తారు. నా దగ్గరికి ఎందుకొచ్చారు?"

భర్త ఇబ్బందిగా కదిలాడు. "అదేనండీ. ఈవిడకో అనుమానం. నాకైతే..."

టీచరమ్మ ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఆపి, నోటుపుస్తకంలో గబగబా రాసి వదిన ముందుకు తోసింది. మరిది వంగి చదివాడు.

"గురువారం చెకప్‌కి ఆసుపత్రికి వెళ్ళాను. హాల్లో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. 'పదిహేడో టోకెన్, మూడో గదికి రండి' అని. ఆ గొంతు నాది. ఆ వాక్యం నేను ఎప్పుడూ చదవలేదు."

వదిన ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"గొంతులు కలవొచ్చు కదండీ," అన్నాడు భర్త నెమ్మదిగా. "ఎంతోమంది ఉంటారు."

టీచరమ్మ ఈసారి పెన్ను గట్టిగా నొక్కి రాసింది. "ఇరవై రెండేళ్ళు పిల్లల పేర్లు పిలిచిన గొంతు. నాకు తెలియదా? శుక్రవారం స్టూడియోకి ఉత్తరం రాశాను. ఆసుపత్రిలో నా గొంతు విన్నాను, ఎవరికైనా ఇచ్చారా అని. సోమవారానికల్లా అన్నీ పోయాయి. ఇప్పుడు అది నాదని ఎలా చెప్పను? నోరు లేదు. రికార్డూ లేదు."

"ఉత్తరం ఎవరి చేతికిచ్చారు?" అని వదిన భర్తని అడిగింది.

"ఎవరికీ ఇవ్వలేదండీ. ముందు గదిలో ఎవరూ లేరు. బల్ల మీద పెట్టి వచ్చేశాను."

వదిన వెంటనే ఫోన్ తీసి స్టూడియోకి చేసింది. తనెవరో చెప్పి, "మీ డిస్కుల పెట్టె ఇప్పుడు ఆన్‌లో ఉందా? లేదా? మంచిది. నేనొచ్చేదాకా ఎవరూ ప్లగ్గు పెట్టొద్దు, తుడవనైనా తుడవొద్దు," అని పెట్టేసింది. పోయిన సరుకుకి ఇప్పుడీ కాపలా ఎందుకో మరిదికి అర్థం కాలేదు. అడిగితే తెలివితక్కువవాడిలా కనిపిస్తానేమోనని ఊరుకున్నాడు.

స్టూడియో ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కగానే ముందు గది, అందులో బల్ల, కంప్యూటరు. కంప్యూటరు పక్కన గోడకి అంటించిన కాగితాలు: ఫోన్ నంబర్లు, పాస్‌వర్డు, బాణం గుర్తులతో ఎవరో గీసిన బొమ్మ. అక్కణ్ణుంచి లోపల రికార్డింగు గదిదాకా పొడుగాటి వరండా. ఒక పక్క గోడంతా చెక్క అరలు, అరల నిండా పాత టేపు రీళ్ళ డబ్బాలు. ప్రతి డబ్బా వీపు మీద గుండ్రటి చేతిరాతలో నంబరు, తేదీ, లోపలున్న మనిషి పేరు. కొన్నిటి మీద పేరు కొట్టేసి 'ఖాళీ' అని రాసి ఉంది. మరిది చూపుడువేలితో దుమ్ము తుడుస్తూ ఒకటో నంబరు నుంచి చివరున్న రెండువందల పద్నాలుగు దాకా నడిచాడు. ఆ చివరే, చెప్పులు పెట్టుకునే అరలో, నాలుగు అరల నల్ల పెట్టె కూర్చుని ఉంది. దాని ప్లగ్గు తీసి ఉంది.

"చెప్పుల మధ్యన పెట్టారేమిటి?" అన్నాడు మరిది.

"చప్పుడు చేస్తుంది సార్. ఇక్కడ చప్పుడు చేసేవాటికి లోపల చోటు లేదు." సమాధానం చెప్పింది స్టూడియో యజమాని అల్లుడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. కంప్యూటర్ల పనంతా అతనిదే. రెండు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

వదిన ముందు గదిలో బల్ల ముందు కూర్చుని అతన్నే మొదట పిలిచింది. టీచరమ్మ రికార్డింగులు పోయిన సంగతి విచారించడానికి వచ్చామంది. ఆసుపత్రి ఊసు గానీ, టోకెన్ల ఊసు గానీ ఎత్తలేదు. దారిలో మరిది నోటికీ ముందే తాళం వేసింది.

"నాకు కంప్యూటర్లు రావు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి."

"పెట్టెలో ముందు రెండే డిస్కులు మేడమ్. ఒకే పాఠం రెండు నోటుపుస్తకాల్లో రాసుకున్నట్టు, రెండిట్లోనూ ఒకటే ఉంటుంది. ఒకటి చెడినా రెండోది ఉంటుందని. కానీ చోటు చాలడం లేదు. ఇంకో రెండు కొని, నాలుగూ కలిపి ఒకే పెద్ద చోటుగా మార్చాలనుకున్నాం. శనివారం కొత్తవి రెండూ లోపల దూర్చాను. అంతవరకే. అమరిక మార్చలేదు."

"ఎందుకు మార్చలేదు?"

"ముందు ఉన్నదంతా వేరేచోట కాపీ తియ్యాలి మేడమ్. కాపీ లేకుండా అమరిక ముట్టుకోకూడదు. ఉన్నది ఉన్నట్టుగా మార్చమంటే ఒకటిన్నర రోజు పడుతుంది, మధ్యలో ఏదైనా జరిగితే గోవిందా. కొత్తగా కట్టమంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది, కానీ పాతదంతా పోతుంది. సోమవారం కాపీ తీసి మొదలుపెడదామని శనివారం టీ తాగేటప్పుడు అందరికీ చెప్పాను. అదిగో, బొమ్మ గీసి గోడకి కూడా అంటించాను, తెలియక ఎవరూ నొక్కకూడదని."

"ఎలా నొక్కకూడదో తెలిసేలా గీశారంటే, ఎలా నొక్కాలో కూడా తెలిసేలా గీశారన్నమాట," అంది వదిన.

"సోమవారం వచ్చేసరికి ఏం చూశారు?"

"ప్లగ్గు పీకేసి ఉంది. పెట్టి, కంప్యూటర్లో చూశాను. నాలుగు డిస్కులూ పచ్చగా ఉన్నాయి. ఒకే పెద్ద చోటు, పూర్తిగా ఖాళీ. పేరు '215' అని ఉంది. కింద 'సిద్ధమవుతోంది, రెండు శాతం' అని వస్తోంది. వెంటనే ఆపేశాను."

"215 అంటే?"

"ఏమో మేడమ్. ఏ పేరూ ఇవ్వకపోతే మామూలుగా 'ఒకటి' అని పెట్టుకుంటుంది. ఇదెక్కడి నంబరో."

"శుక్రవారం ఈ బల్ల మీద టీచరు గారి ఉత్తరం ఒకటి చూశారా?"

"ఉత్తరమా? లేదే."

"ఆదివారం ఇక్కడికి వచ్చారా?"

అతను ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. ఆ క్షణాన్ని మరిది జాగ్రత్తగా పుస్తకంలో రాసుకున్నాడు. "ఒంటిగంటకి వచ్చాను. ఛార్జరు మర్చిపోతే తీసుకుని వెళ్ళిపోయాను. ప్రమాణపూర్వకంగా చెప్తున్నాను, పెట్టె ముట్టుకోలేదు."

తరవాత వచ్చినవాడు రికార్డిస్టు. యాభై ఏళ్ళ బక్కపల్చటి మనిషి. కూర్చోమన్నా కూర్చోకుండా, అడగకముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నేనేనమ్మా. ఆ తల్లి గొంతు నేనే తీసేశాను."

మరిది పెన్ను ఆగిపోయింది. వదిన మాత్రం పక్కనున్న మంచినీళ్ళ సీసా అతని ముందుకు జరిపింది. "తాగి, మొదటినుంచి చెప్పండి."

"నాకో అలవాటమ్మా. టేక్ తీసుకునే ముందు వరండా అంతా ఓ చుట్టు తిరుగుతాను. ఫ్యాను, ఫ్రిజ్జు, గుయ్యిమనే ట్యూబులైటు, ఏది చప్పుడు చేస్తే దాని ప్లగ్గు పీకేస్తాను. పాతికేళ్ళుగా అంతే. ఆదివారం మధ్యాహ్నం ఒక డబ్బింగు ఆవిడ వచ్చింది. రెండున్నరకి లోపల తలుపేసుకుని మైకులు సర్దుకున్నాం. ఆ గదిలో ఉంటే బయట పిడుగు పడ్డా వినబడదు. మూడున్నరకి టేక్‌కి ముందు బయటికొస్తే ఆ నల్ల పెట్టె ఎన్నడూ లేనంతగా రొద పెడుతోంది. ఇదేం గోలరా బాబూ అని లాగేశాను. అది అమరిక మార్చుకుంటోందని నాకేం తెలుసు? మధ్యలో పీకాను, అంతా పోయింది. పెద్దాయన చెప్పారు, నా వల్లే పోయిందని."

"పెద్దాయన ఎప్పుడు చెప్పారు?"

"సోమవారం పొద్దున. నేను పీకానని చెప్పగానే తల పట్టుకున్నారు."

"ఐదు నెలలు ఆవిడ్ని రికార్డు చేసింది మీరేనా?"

"నేనేనమ్మా. గొంతు నొప్పి పెడుతున్నా చదివేవారు. ఆఖరి రోజు ఇంకో పేజీ, ఇంకో పేజీ అంటూ..." అతను ముఖం తిప్పుకున్నాడు.

ఆదివారం ఇంకెవరొచ్చారంటే, ఒంటిగంటకి అల్లుడు వచ్చి వెళ్ళాడని, భోజనాలవేళ పెద్దాయన మందులపెట్టె కోసం వచ్చి తన గదిలోకి వెళ్ళారని, ఎప్పుడు వెళ్ళిపోయారో చూడలేదని చెప్పాడు. ఉత్తరం గురించి అతనికీ తెలియదు.

ఇక పెద్దాయన. డెబ్భై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ఖంగున మోగే గొంతు. స్టూడియో కట్టింది ఆయనే, నలభై ఏళ్ళుగా నడిపిస్తున్నదీ ఆయనే. వచ్చీ రావడంతోనే వాతలు పెట్టడం మొదలుపెట్టాడు.

"ఏముందమ్మా విచారించడానికి? మా అల్లుడు తగుదునమ్మా అని మార్పు మొదలుపెట్టాడు. మా రికార్డిస్టు మధ్యలో ప్లగ్గు పీకాడు. ఇద్దరూ కలిసి నా పరువు గంగలో కలిపారు. నాకు ఆ కంప్యూటర్ల సంగతి ఓనమాలు కూడా తెలియదు. నా కాలంలో టేపులు, నా చేత్తోనే నంబరు వేసి అరలో పెట్టేవాణ్ణి. టేపు మీద ఒకసారి చెరిగిందంటే చెరిగిందే. ఇదీ అంతే. పోయినదాని కోసం తవ్వుకోవడం దండగ."

"టీచరు గారు ఏదైనా ఉత్తరం రాశారా మీకు?"

"నాకే ఉత్తరమూ రాలేదు." ఆయన తల అడ్డంగా ఊపాడు. తరవాత గొంతు తగ్గించి, జాలిగా అన్నాడు. "ఆవిణ్ణి తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుందమ్మా. గొంతు పోయిన మనిషికి ఎక్కడ విన్నా తన గొంతే వినిపించినట్టుంటుంది. మనసు అలాంటిది. మీరే కాస్త నచ్చజెప్పండి."

"చెప్తాను," అంది వదిన. "ఆదివారం మీరు ఎంతసేపున్నారు?"

"మందులు తీసుకున్నాను, వెళ్ళాను. రెండింటికల్లా ఇంట్లో పడుకున్నాను."

వెళ్ళేముందు వదిన ఆ నల్ల పెట్టెకి గుడ్డ చుట్టించి, అందరి చేతా సంతకాలు పెట్టించి, తనతో తీసుకుంది. పెద్దాయన "చచ్చిన పెట్టెతో ఏం చేసుకుంటారు?" అని నవ్వాడు. అల్లుడు మాత్రం "జాగ్రత్త మేడమ్, ఎక్కడా ఆన్ చేయకండి" అని మెట్ల కిందదాకా వెంటబడి వచ్చాడు. ఈ వెంటబడటం మరిదికి బొత్తిగా నచ్చలేదు.

కింద టీ కొట్టు దగ్గర అతను ఆపుకోలేకపోయాడు. "అల్లుడే వదినా! నీళ్ళు నమిలాడు చూశారా? ఆదివారం వచ్చాడు. ఎలా చెయ్యాలో అతనొక్కడికే బాగా తెలుసు. పైగా పెట్టె మన చేతికి రాగానే ఎలా గాభరా పడ్డాడో!"

"పొద్దున ఆ భర్తని అనుమానించావుగా?"

"అది ఆటోలో వస్తున్నప్పుడు. రికార్డిస్టు ఏడుస్తుంటే అతన్ని కూడా కాసేపు అనుమానించాను."

"టీ కొట్టువాణ్ణి మాత్రం వదిలేశావా?" వదిన నవ్వి, పెట్టెని ఒళ్ళో సర్దుకుంది. "గాభరా రెండు రకాలు మరిదీ. దొరికిపోతానని ఒకటి, పోతుందేమోనని ఒకటి. నువ్వింకా తేడా కనిపెట్టడం లేదు. సరేగానీ, వరండాలో ఏం చూశావో చెప్పు."

"రీళ్ళు, దుమ్ము, చెప్పులు."

"బాగానే చూశావు. ఇప్పుడు నువ్వు ఆసుపత్రికి వెళ్ళు. ఆ టోకెన్ల యంత్రం ఏ కంపెనీదో కనుక్కో. నేను ఈ పెట్టెని డిస్కుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

డిస్కుల డాక్టరు అంటే చెడిన డిస్కుల్లోంచి పోయినవి తవ్వి తీసే మనిషి. బీమా రోజుల నుంచీ ఆవిడకి పరిచయం. పెట్టె ఎన్నిసార్లు ఆన్ చేశారని మాత్రం అడిగి, ఆ తరవాత నాలుగు రోజులు ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆ నాలుగు రోజులూ టీచరమ్మ రోజుకో చీటీ పంపింది. ప్రతి చీటీలోనూ ఒకే ప్రశ్న, "ఏమైనా దొరికిందా?" జవాబు రాయలేక మరిది ఆ చీటీలు సొరుగులో పెట్టేవాడు. మొదటిసారిగా అతనికి వదిన మీద కోపం వచ్చింది. తెలిసింది చెప్పొచ్చు కదా అనుకున్నాడు. నిజానికి ఆవిడకీ భయంగానే ఉంది. రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉందని అన్నయ్య చెప్పాడు.

ఆదివారం ఉదయం అందరూ స్టూడియోలో రికార్డింగు గదిలో చేరారు. పెద్దాయన, అల్లుడు, రికార్డిస్టు, టీచరమ్మ, ఆవిడ భర్త. గోడలకి మెత్తలు కుట్టిన ఆ గదిలో తలుపు మూయగానే ఎవరి ఊపిరి వాళ్ళకే వినిపించసాగింది.

"అందరూ ఒకే కథ చెప్పారు," అని వదిన మొదలుపెట్టింది. "మార్పు జరుగుతుండగా ప్లగ్గు పీకారు, అందుకని పోయింది అని. ఆ కథలో ఒక చిక్కుంది. ఉన్నది ఉన్నట్టుగా మార్చడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. మధ్యలో ఆపేస్తే ఆ పెట్టె సగంలో ఆగిపోయానని మొర పెట్టుకోవాలి. కానీ సోమవారం ఎలా ఉంది? నాలుగు పచ్చ దీపాలు, కడిగి ముగ్గేసినట్టు ఖాళీ చోటు. అంటే మార్పు కాదు జరిగింది. ఎవరో కొత్తగా కట్టమని నొక్కారు. పాతదంతా పోతుందని పెట్టె హెచ్చరించి ఉంటుంది, అయినా నొక్కారు. అది పొరపాటున జరిగే పని కాదు."

"నేనన్నది అదేగా," అన్నాడు పెద్దాయన, అల్లుడి వైపు చెయ్యి చూపిస్తూ. "వీడే..."

"ఆయనకి పని తెలుసు కాబట్టి ఆయనే అని మా మరిది కూడా అనుకున్నాడు." మరిది తల దించుకున్నాడు. "కానీ పని తెలిసినవాడు కొత్త చోటుకి పేరు పెట్టడు, వదిలేస్తాడు. పెట్టె దానికదే 'ఒకటి' అని పెట్టుకుంటుంది. ఇక్కడ ఎవరో పేరు అడగ్గానే బుద్ధిగా రాశారు. 215 అని. ఖాళీ అయిన దానికి వెంటనే నంబరు వెయ్యకపోతే తోచని మనిషి. నలభై ఏళ్ళుగా ఏ టేపునీ నంబరు లేకుండా అరలో పెట్టని మనిషి. బయట చివరి రీలు నంబరు ఎంత మరిదీ?"

"రెండువందల పద్నాలుగు," అన్నాడు మరిది. అన్న తరవాత గానీ తనేం అన్నాడో అతనికి అర్థం కాలేదు. అందరి తలలూ పెద్దాయన వైపు తిరిగాయి.

పెద్దాయన నవ్వబోయాడు. "నంబరు ఎవరైనా వెయ్యొచ్చు. నా మీద తోసేయాలని ఎవరైనా వేసి ఉండొచ్చు."

"ఉండొచ్చు. నేనూ అదే అనుకుని పక్కన పెట్టాను. కానీ మీరొక మాటన్నారు. గొంతు పోయిన మనిషికి ఎక్కడ విన్నా తన గొంతే వినిపిస్తుందని. ఆవిడ తన గొంతు విన్నానని చెప్పింది భర్తకీ, మాకూ, శుక్రవారం ముందు గది బల్ల మీద పెట్టిన ఉత్తరంలోనూ. నేను మీకు చెప్పలేదు. ఉత్తరం చూడలేదని మీరే అన్నారు. మరి ఆ సంగతి మీకెలా తెలిసింది?"

పెద్దాయన చూపు తలుపు వైపు మళ్ళింది.

"ఆసుపత్రి యంత్రం కంపెనీవాళ్ళు మూడు రోజులు మా మరిదిని తిప్పించుకుని నాలుగో రోజు కాగితం ఇచ్చారు," అని వదిన సంచీలోంచి నకలు తీసింది. "'ఈ గొంతు మా స్టూడియో సొత్తు, యంత్రాలకు వాడుకోవచ్చును.' కింద సంతకం మీది. తేదీ టీచరు గారు ఇంకా ఇక్కడికి వచ్చి చదువుతున్న రోజుల్లోది. ఉత్తరం చదివాక మీకు భయం పట్టుకుంది. పోల్చి చూడ్డానికి రికార్డింగులు లేకపోతే, అది తన గొంతని నోరులేని మనిషి ఎలా రుజువు చేస్తుంది? అల్లుడు గీసిన బొమ్మ గోడ మీదే ఉంది, పాస్‌వర్డు పక్కనే ఉంది. ఆదివారం రెండున్నర తరవాత వీళ్ళు తలుపేసుకుని ఉండగా రెండు నిమిషాల్లో పని ముగించారు. మర్నాడు ప్లగ్గు కథ విని, దేవుడిచ్చిన వరంలా వాడుకున్నారు. పాతికేళ్ళు మీ దగ్గర పనిచేసిన మనిషి వారం రోజులుగా తనని తాను హంతకుడనుకుంటున్నాడు, మీరు చూస్తూ ఊరుకున్నారు."

రికార్డిస్టు నోరు తెరిచి ఆయన్నే చూస్తున్నాడు. అల్లుడు "మామయ్యా" అని మాత్రం అనగలిగాడు.

పెద్దాయన తలెత్తాడు. ఖంగుమనే గొంతు పీలగా వచ్చింది. "స్టూడియోకి ఎవరొస్తున్నారమ్మా ఇప్పుడు? యంత్రాలే చదువుతున్నాయి. ఆవిడ గొంతు ఎలాగూ పోతోంది. అంత మంచి గొంతు ఊరికే డిస్కులో పడి ఉండేబదులు నలుగురికీ పనికొస్తుందనుకున్నాను. నలభై ఏళ్ళు ఎన్ని గొంతులు పట్టానో. ఇది ఎవరిదని ఒక్కరూ అడగలేదు."

టీచరమ్మ లేచి నిలబడి నోటుపుస్తకంలో రాసింది. అది ఆయన ముందు పట్టుకుంది గానీ ఆయన చదవలేకపోయాడు. రికార్డిస్టు పైకి చదివాడు. "నేను అడిగాను. మీరు చెరిపేశారు."

"అక్కడే ఆయన పొరబడ్డారు," అంది వదిన. ఇప్పుడావిడ గొంతు మెత్తబడింది. "టేపు చెరిపితే చెరిగిందే. డిస్కు సంగతి వేరట. కొత్తగా కట్టినప్పుడు పుస్తకం ముందుండే విషయసూచిక చింపేస్తారు, అంతే. పాఠాలు లోపలే ఉంటాయి. ఆ తరవాతే అసలు ప్రమాదం. కొత్త చోటు సిద్ధం చేసుకుంటూ పెట్టె ఒక్కో పేజీ మీదా కొత్త లెక్కలు దిద్దుకుంటూ పోతుంది. ఆ రొదే రికార్డిస్టు గారు విన్నది. సోమవారం దాకా అలా వదిలేసి ఉంటే టీచరు గారి గొంతులో చాలా భాగం దాని కింద పడి నలిగిపోయేది. రెండు శాతం దగ్గర ఎవరో ప్లగ్గు పీకారు."

రికార్డిస్టుకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే... నేను..."

"మీరు పోగొట్టలేదు. దాన్ని కాపాడింది మీరే. మర్నాడు మళ్ళీ వెంటనే ఆపేసి అల్లుడుగారు మిగతాది కాపాడారు. అందుకే నేను మొదట అడిగింది పెట్టె ఆపి ఉందా అని." వదిన మరిదికి సైగ చేసింది. "డాక్టరు గారు నలభై రెండు గంటల్లో నలభై ఒకటికి పైగా తీశారు. విషయసూచిక లేదు కాబట్టి ముందేది వెనకేది తెలియలేదు. ఏదో ఒకటి పెడుతున్నాం."

మరిది బొత్తాం నొక్కాడు. మెత్తటి గోడల మధ్య ఒక ఆడగొంతు స్పష్టంగా, కొంచెం బొంగురుగా పలికింది. "ఇది కూడా రికార్డవుతోందా? ఆగండి, మంచినీళ్ళు తాగి చదువుతాను. ఈ పేజీ అయ్యాకే ఇంటికి వెళ్తాను."

టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుపుకి కూడా చప్పుడు లేదు. భర్త ఆవిడ భుజం పట్టుకుని "నీదే, నీ గొంతే," అని వెక్కివెక్కి ఏడ్చాడు. పెద్దాయన లేచి, ఎవరి ముఖమూ చూడకుండా, పోలీసులకి కబురు చెయ్యమని తనే అల్లుడికి చెప్పాడు.

ఐదు వారాల తరవాత ఒక మధ్యాహ్నం టీచరమ్మ ఒంటరిగా ఆఫీసుకి వచ్చింది. ఆసుపత్రిలో ఆ గొంతు ఆపించేశారు. ఇప్పుడు గంట కొట్టి నంబరు చూపిస్తున్నారు. మరిది గభాలున లేచి, "రండి టీచర్ గారూ! కూర్చోండి! బాగున్నారా!" అని మేడంతా వినబడేలా పలకరించాడు.

ఆవిడ సంచీలోంచి అరచేతంత యంత్రం తీసి, నింపాదిగా టైపు చేసింది.

"నాకు చెవుడు లేదు బాబూ," అంది ఆ గొంతు. "మామూలుగా మాట్లాడు."

వదిన పడీపడీ నవ్వింది. మరిది చెవులు ఎర్రబడ్డాయి. టీచరమ్మ మళ్ళీ టైపు చేసింది. ఈసారి చాలాసేపు పట్టింది. ఇద్దరూ ఆవిడ వేళ్ళనే చూస్తూ కూర్చున్నారు.

"ఆపరేషన్ తరవాత మా అమ్మాయిని చప్పట్లు కొట్టి పిలిచేదాన్ని. దానికి తొమ్మిదేళ్ళు. చప్పట్లు కొడితే రావడం మానేసింది. నేనూ పిలవడం మానేశాను. నిన్న దీంతో పేరు పెట్టి పిలిచాను. మెట్ల మీదనుంచి దూకినట్టు వచ్చింది. వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఏమ్మా అన్నాను. ఇంకోసారి పిలు, అంది."

యంత్రం ఆగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని మరో వాక్యం కొట్టింది.

"పదకొండుసార్లు పిలిపించుకుంది."